నిన్న డిస్కు, రేపు డిస్కు

మెసేజ్ వచ్చినప్పుడు పాపకు పాలిస్తున్నాను. ఒక చేత్తో ఫోన్ అందుకుని చదివాను. మా మిల్లు ఆఫీసు డ్రైవర్ భాయ్ పంపాడు. "సర్వర్‌బెన్ గయీ. కల్ అంతిమ్ యాత్రా, సుబహ్, భేస్తాన్." మా ఆఫీసు అక్క పోయింది. అంతిమయాత్ర కల్, పొద్దున, భేస్తాన్‌లో.

రేపు అనుకున్నాను. పాప బట్టలు, తువ్వాలు సంచీలో సర్దాను. మా బావకు ఫోన్ చేసి రేపు డ్యూటీకి లేటుగా వస్తానని వాళ్ల పనిలో చెప్పమన్నాను. నా భర్తే, మేనబావ కావడంతో పెళ్లయ్యాక కూడా పిలుపు మారలేదు. మేముండే అమ్రోలి నుంచి భేస్తాన్ అంటే సూరత్‌కు ఆ చివర ఈ చివర. అన్నీ సర్దుకున్నాక, ఎన్నింటికి చేరాలో అడుగుదామని సాయంత్రం డ్రైవర్ భాయ్‌కి ఫోన్ చేశాను.

ఆ గుజరాతీ మనిషికి తెలుగులో రెండే రెండు మాటలు వచ్చు. వాటిలో ఒకటి వెతుక్కుని చెప్పాడు.

"కల్ మతలబ్... నిన్న, బెన్. నిన్న."

సంచీ అలాగే తలుపు దగ్గర ఉండిపోయింది.

హిందీలో నిన్నా కల్లే, రేపూ కల్లే. ఈ ఒక్క మాట మీద అక్క చేసినంత యుద్ధం సూరత్‌లో ఇంకెవరూ చేసి ఉండరు. ఆమె పోయినప్పుడు నేను సరిగ్గా ఆ గుంటలోనే పడ్డాను.

*

జోల్వా రోడ్డు మీద చీరల ప్రింటింగ్ మిల్లు మాది. కింది అంతస్తులో, ఎప్పుడూ చల్లగా హోరుమనే గదిలో ఉండేది మా సర్వర్. చీరల డిజైన్లు, రంగుల పాళ్లు, పార్టీల ఆర్డర్లు, అన్నీ దానిలోనే. దాన్ని చూసుకునే మనిషి కాబట్టి ఆమె అందరికీ సర్వర్‌బెన్. బెన్ అంటే గుజరాతీలో అక్క. మిల్లు యజమాని శేఠ్ కూడా అలాగే పిలిచేవాడు. ఆ విభాగంలో ఆమె కాక తెలుగుదాన్ని నేనొక్కదాన్నే కనుక నాకు అక్క. ఆమెకు నేను "పిల్లా". పెళ్లయినా పిల్లనే, కడుపుతో ఉన్నా పిల్లనే.

పొట్టి మనిషి. నడుస్తున్నప్పుడు చేతులు వెనక్కి కట్టుకునేది, పొలం గట్టు మీద తిరుగుతున్నట్టు. సర్వర్ నెమ్మదిస్తే దాని పక్కకు వెళ్లి, గేదెను నిమిరినట్టు పైన చెయ్యి వేసి, "జర ఓపిక పట్టవే" అనేది. అది నిజంగానే తేరుకునేది. తేరుకోనప్పుడు ఆమె తిట్టే తిట్లు ఇక్కడ రాయను.

ఆమెకు దేనికైనా స్పేర్ ఉండాలి. ఉన్న స్పేర్ మీద నమ్మకం మాత్రం ఉండేది కాదు. ఆమెకు రెండు కళ్లద్దాల జతలు. గురువారం వచ్చిందంటే మంచివి పెట్టెలో పెట్టి, స్పేర్‌వి పెట్టుకుని వచ్చేది. వాటితో సరిగా కనిపించక కళ్లు చికిలించుకుని పని చేసేది.

"ఎందుకక్కా ఈ తిప్పలు?"

"పెట్టెల ఉంటె స్పేర్ అంటరా? పెట్టుకుంటెనే తెలుస్తది, పనికొస్తదో రాదో."

"రావట్లేదు గదా మరి?"

"రావట్లేదని తెలిసింది గదా!"

లిఫ్టు పని చేస్తున్నరోజే మెట్లు ఎక్కేది. మంటలు అంటుకుంటే పారిపోయే వెనక మెట్ల మీద ఎవరో చీరల కట్టలు పేర్చారని అలాగే కనిపెట్టింది. ఎర్రటి ఎండలో గొడుగు విప్పి చూసి, మళ్లీ ముడిచి సంచీలో పెట్టుకునేది. అందరూ నవ్వేవాళ్లు. వానలు మొదలైన రోజున సగం ఆఫీసు ఆమె గొడుగు కిందికి దూరేది.

అన్నిటికంటే నాకు బుగులు పుట్టించేది ఆమె ఫోన్. అన్నం తింటుంటేనో, నిద్ర కునుకు పడుతుంటేనో మోగేది.

"హలో. నేను సచ్చిననుకో."

"అక్కా!"

"సచ్చిన. సర్వర్ గుడ ఆగిపోయింది. ఇప్పుడేం చేస్తవ్, చెప్పు."

నేను అన్నం ముద్ద కంచంలో పెట్టేసి వరసగా చెప్పాలి. ముందు ఎవరికి ఫోన్ చేస్తాను, ఏ డిస్కు తీస్తాను, ఎక్కడ పెడతాను. ఒక్కటి తప్పితే, "నన్ను మంచిగనే సంపినవ్" అని ఫోన్ పెట్టేసేది. అన్నీ సరిగా చెబితే, "సరె, బతికిన. తిను" అనేది.

ఆమె పుట్టింటి వాళ్లు సిరిసిల్లలో సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపినవాళ్లు. అత్తింటి వాళ్లు భేస్తాన్ నుంచి మరమగ్గాల పనికి వెళ్లేవాళ్లు. చదివింది కంప్యూటర్ అయినా మాట మగ్గం దగ్గరికే పోయేది. సాంచ మీద పడుగు చుట్టిన బీము అయిపోతుంటే పాత పోగులను పూర్తిగా లాగేయరు. కొసలు ఉంచి, కొత్త బీము పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతుకుతారు. బ్యాకప్ అంటే ఏమిటని కొత్తగా చేరిన నేను అడిగితే, ఆమె చెప్పింది ఇదొక్కటే. "పాత కొస ఇడిస్తె, కొత్తది దేనికి అతుకుతవ్ పిల్లా?"

తాపి నది వరద నీళ్లు ఇళ్లలోకి రావడం చూసిన మనిషి. కింది అంతస్తు అంటేనే ఆమెకు నమ్మకం లేదు. అందుకే భేస్తాన్‌లో మా కంపెనీకి ఉన్న చిన్న ఆఫీసులో, పై అంతస్తులో, ఇంకో సర్వర్ పెట్టించింది. జోల్వాలో రోజూ పని అయ్యాక అంతా ఒక డిస్కులోకి ఎక్కిస్తాం. దాన్ని డ్రైవర్ భాయ్ భేస్తాన్ తీసుకెళ్లి దాచాలి. ఇక్కడ ఏమైనా అయితే అక్కడ లేవాలి. ఇదీ ప్లాను.

ఆమె రోజూ మధ్యాహ్నం తన స్కూటీ మీద భేస్తాన్ వెళ్లి వచ్చేది. మంచాన పడిన అత్తకు అన్నం తినిపించడానికి. డిస్కు మీరే పట్టుకెళ్లొచ్చు కదా అంటే చెంపలు వేసుకునేది. "నేను, డిస్కు ఒక్క బండి ఎక్కొద్దు. ఎక్కితె ఇద్దరం ఒక్కసారే పోతం."

*

నాకు ఆరో నెల నడుస్తున్నప్పుడు, మిల్లు మూసి ఉన్న ఒక ఆదివారం, ప్లానును నిజంగా నడిపి చూద్దామంది. నేనూ ఆమె సర్వర్ గదిలో. డ్రైవర్ భాయ్ భేస్తాన్‌లో. అక్కడ డిస్కు పెట్టి సర్వర్‌ను లేపడం అతనికే నేర్పింది. అదేంటక్కా అంటే, "అసలు దినం ఎవరు మిగులుతరో ఎవలకెరుక?" అంది.

"ఇగ చూడు. జోల్వా ఆఫీసు కాలిపోయింది" అని, దేవుడి ముందు దీపం కొండెక్కించినట్టు మెల్లగా స్విచ్ తీసేసింది.

హోరు ఆగిపోయింది. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

భేస్తాన్ నుంచి ఫోన్ రావాలి. ఎదురుచూస్తున్నాం. కడుపుతో ఉన్నదాన్ని, బాత్రూంకు వెళ్దామని లేచి తలుపుకు కార్డు పెట్టాను. తలుపు తెరుచుకోలేదు.

"అక్కా, వస్తలేదు."

"తిరగేసి పెట్టు."

"పెట్టిన."

ఆమె వచ్చి తన కార్డు పెట్టింది. తలుపు కదల్లేదు. ఆరిపోయి ఉన్న సర్వర్ వైపు ఒకసారి, తలుపు వైపు ఒకసారి చూసి, పగలబడి నవ్వింది.

"దీని హుకుం గుడ దాన్నే అడుగుతదే పిల్లా! కార్డు మనదేనా కాదా అని సర్వరే చెప్పాలె. ఈ సంగతి ప్లానుల రాసుకోనే లేదు."

"అయితే ఆన్ చేద్దాం."

"ఎట్ల చేస్తవ్? కాలిపోయింది గదా."

"ఎదురుంగనే ఉన్నది అక్కా."

"కాలిపోయిందనుకున్నం. కాలిపోయిన దాన్ని స్విచ్ ఎట్లేస్తవ్?"

"నాకు బాత్రూం వస్తుంది."

"జర ఆగు. భేస్తాన్ది లేస్తది. అది లేస్తె తలుపుకు గుడ అదే హుకుం ఇస్తది. మనం నడిపి చూసేదే అది గదా."

వీపు తలుపుకు ఆనించి నిల్చున్నాను. ఏసీ నడుస్తూనే ఉన్నా మెడ వెనక చెమట. లోపల పాప తన్నింది. గోడలు దగ్గరికి వస్తున్నాయనిపించింది. ఒక అడుగు వేసి స్విచ్ నొక్కితే అయిపోతుంది. ఆ అడుగుకు అడ్డంగా ఆమె కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఫోన్ మోగింది. స్పీకర్‌లో పెట్టింది.

"బెన్, ఖాలీ బతాతా హై." డిస్కు ఖాళీ అని చూపిస్తోందట.

"ఖాలీ ఎట్లుంటది... ఖాలీ కైసే? కౌన్‌సా డిస్క్ లేకే గయే థే?" ఏ డిస్కు తీసుకెళ్లావని అడిగింది.

"ఆప్ నే బోలా వహీ. కల్ కా."

"హా, కల్ కా."

"తో కల్ కా హీ లాయా. ఆనేవాలా కల్."

ఆమె నా వైపు చూసింది. అలమారాలో రెండు డిస్కులు పక్కపక్కన ఉంటాయి. ఒకటి నిన్నటిది, నిండుది. ఇంకోటి రేపటి కోసం తుడిచిపెట్టిన ఖాళీది. కల్ కా డిస్క్ తీసుకెళ్లు అని ఆమె చెబితే, నిన్నటిది అని ఆమె ఉద్దేశం. రేపటిది అని అతని అర్థం. అతనిలో తప్పేం లేదు. ఆ భాషలో రెండూ ఒకటే.

"హర్ బార్ యహీ లే గయే?" ప్రతిసారీ ఇదేనా అని గొంతు తగ్గించి అడిగింది.

"హర్ బార్, బెన్."

అక్క అలమారాకు వీపు ఆనించి, జారి, కింద కూర్చుంది. ఆమె ముఖంలో భయం చూడటం అదే మొదటిసారి.

"అంటె నిండుయి అన్నీ ఈడనే ఉన్నయి. కాలిపోయిన అర్రలనే. ఇన్ని దినాలు మనం భేస్తాన్ల ఉత్త డబ్బను దాసుకున్నమే పిల్లా."

నేనూ పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తున్నదేమో అనుకున్నాను. నవ్వుతున్నది.

"మంచిగైంది. ఇయ్యాల ఫెయిలైతె నవ్వొస్తది. అసలు దినం ఫెయిలైతె ఏడుపొస్తది."

"ఇప్పుడన్నా స్విచ్ వెయ్యి అక్కా."

"ఆగు. ఇంకేం తోవ ఉన్నదో చూడాలె. అసలు దినం గుడ ఇట్లనే ఇరుక్కుంటె?"

తలుపు చుట్టూ వేలితో తడుముతూ తిరిగింది. తోవ ఏదీ లేదు. తిరుగుతూ తిరుగుతూ గడియారం చూసుకుంది. మళ్లీ చూసుకుంది. అన్నం వేళ దాటుతున్నది.

"ముసల్ది చూస్తుంటది" అంది.

"ఇంకెవరూ పెట్టరా?"

"నా చెయ్యి తప్ప ముట్టది. కొడుకు పెట్టినా పండ్లు కరుసుకుంటది. అందుకే పెండ్లిళ్లు లెవ్వు, పుట్టిల్లు లేదు. ఇంట్ల ఒకతి, ఆఫీసుల ఒకతి. ఇద్దరికి నేనే కరెంటు."

"మీరు లేకుండా ఎవరన్నా పెట్టి చూసిన్రా?"

"తినదని చెప్తున్న గదా."

"చూసిన్రా అని అడుగుతున్న, అక్కా."

ఆమె కుర్చీ పక్కకు జరిపి, "నీ కడుపుల దానికి తిప్పలెందుకు, లే" అని స్విచ్ వేసేసింది. గది మళ్లీ హోరెత్తింది. తలుపు తెరుచుకోగానే బాత్రూం వైపు పరుగెత్తింది నేను, స్కూటీ వైపు పరుగెత్తింది ఆమె.

మరునాడు తలుపుకు మామూలు తాళం, లోపలి నుంచి తీసుకునే గడియ పెట్టించింది. డిస్కులకు తెల్ల కాగితం అంటించి, లావుపాటి అక్షరాలతో తెలుగులో రాసింది. ఒకదాని మీద నిన్న. ఒకదాని మీద రేపు. డ్రైవర్ భాయ్‌ని పిలిచి, చిన్నపిల్లాడికి అఆలు దిద్దించినట్టు రెండు మాటలూ పలికించింది.

"గుజరాతీ మే క్యా కమీ హై, బెన్?" గుజరాతీకేం తక్కువని అతను ఉడుక్కున్నాడు.

"మీ భాషల దినాలు కలిసిపోతయి భాయ్. మా భాషల నిన్న వేరె, రేపు వేరె" అంది తెలుగులోనే.

మళ్లీ నడిపి చూసినరోజు భేస్తాన్ నుంచి అతను ఫోన్‌లో అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. "బెన్, నిన్న చాలూ హో గయా!" నిన్న నడవడం మొదలుపెట్టిందట. అక్క ఆరోజు అందరికీ లోచో, ఈ ఊరి టిఫిను, తెప్పించింది. తను మాత్రం తినకుండా స్కూటీ తీసింది. అన్నం వేళ అయింది.

*

నేను కాన్పు సెలవులో వచ్చేశాను. పాప పుట్టింది. పాప నన్ను తప్ప ఎవరినీ ఒప్పుకోలేదు. సీసా నోటికి తగిలితే చాలు, ఒళ్లు విల్లులా వంచి ఏడుస్తుంది. బావ ఎత్తుకుంటే ఆడుతుంది. ఆకలేసినా నిద్రొచ్చినా నేనే కావాలి. స్నానానికి వెళ్తే తలుపు బయట ఏడుపు. ఈ రెండు గదుల్లో నేను పాప చుట్టూ, పాప నా చుట్టూ తిరుగుతున్నాం. ఇది ప్రేమే. నాకు తెలుసు. కొన్ని మధ్యాహ్నాలు ఆ సర్వర్ గది గుర్తుకు వస్తుంది.

ఈ మధ్య కడుపులో నొప్పి మొదలైంది. పిత్తాశయంలో రాళ్లు అన్నది డాక్టరమ్మ. ఆపరేషన్ చేయాలి, ఆస్పత్రిలో ఉండాలి, ఇంకా వాయిదా వేస్తే ప్రమాదం అన్నది. నేను ఇంటికి వచ్చి వాయిదా వేస్తూనే ఉన్నాను. నొప్పి వచ్చినప్పుడు పళ్లు బిగించి, పాపను ఇంకో పక్కకు మార్చుకునేదాన్ని. నేను లేకపోతే ఇది ఏం తాగుతుంది? తాగదు. నాకు తెలుసు కదా.

అక్క పోయిన సంగతి డ్రైవర్ భాయ్ ఆ సాయంత్రం ఫోన్‌లో పూర్తిగా చెప్పాడు. మొన్న పొద్దున వంట చేస్తూ కూలబడిందట. గుండె. వాళ్లాయన ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరూ నమ్మలేదు. "సబ్ కో లగా టెస్ట్ హై, బెన్." అందరూ ఇదీ ఆమె పెట్టే పరీక్షే అనుకున్నారట. సర్వర్‌బెన్ చనిపోయింది అనగానే కొత్తగా చేరిన అమ్మాయి లేచి వెళ్లి, నిన్న డిస్కు తీసి చేతిలో పట్టుకుని నిల్చుందట. ఆమె ఆ పిల్లకూ నేర్పింది కాబోలు. సర్వర్ ఒక్క క్షణం కూడా ఆగలేదట.

అడగాలా వద్దా అని ఆగి, ఆమె అత్త సంగతి అడిగాను. "వో బుడ్ఢీ మా?"

"ఖా లియా, బెన్" అన్నాడు. తిన్నదట. అక్క పోయిన సాయంత్రమే, పక్కింటావిడ ఖిచిడీ చేసి పట్టుకొస్తే, ఆమె చేత్తో పెడితే తిన్నది. గిన్నె ఖాళీ చేసింది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాను. మొదట కోపం వచ్చింది, ఆ ముసలావిడ మీద. తర్వాత కోపం ఎవరి మీదో తెలియకుండా పోయింది. కళ్లద్దాలు, గొడుగు, మెట్లు, అన్నీ నడిపి చూసిన మనిషి.

ఆదివారం నాడు బావతో చెప్పాను. "నేను లేననుకో."

"ఏం మాటలే అవి!"

"అనుకో, బావా. పాలు పిండి సీసాల పెట్టిన. నేను బయటికి పోత. నువ్వు లోపల గడియ పెట్టు. నేను ఏమన్నా సరే తియ్యకు."

"నువ్వు తలుపు కొడితే?"

"అప్పుడు అస్సలు తియ్యకు."

బయటికి వచ్చాను. వెనక గడియ పడింది. పాప ఏడుపు మొదలైంది. ముందు మామూలు ఏడుపు. తర్వాత ఊపిరి అందని ఏడుపు. బావ జోకొట్టడం, పాట మొదలుపెట్టి మధ్యలో మరిచిపోవడం, "మా అమ్మ గదా, మా బంగారం గదా" అనడం, అన్నీ వినిపిస్తున్నాయి. నా రవిక తడిసిపోయింది. కొంగు కప్పుకున్నాను. పక్కింటి వాళ్ల తలుపు కొంచెం తెరుచుకుని, మూసుకుంది. ఏ తల్లి ఇలా నిలబడుతుంది అనుకుని ఉంటారు. నేనూ అదే అనుకుంటున్నాను. వేలు బెల్ మీదికి వెళ్లింది.

కాలిపోయిన దాన్ని స్విచ్ ఎట్లేస్తవ్?

వేలు తీసేశాను. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను.

ఏడుపు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఇంకా భయంగా ఉంది. తలుపుకు చెవి ఆనించాను.

"బావా?"

చెవి ఇంకా గట్టిగా ఆనించాను.

"బావా!"

"ష్" అన్నాడు తలుపు అవతల నుంచి. "తాగుతుంది."

"నిజంగనా?"

"నిజంగనే. ముక్కు చీదుకుంట తాగుతుంది. నువ్వు రాకు ఇంకా."

మెట్ల మీద కూర్చున్నాను. ఎక్కడికి వెళ్లాలో, ఏం చేయాలో తోచలేదు. ఒళ్లో చేతులు ఖాళీగా ఉన్నాయి. పాప తాగుతున్నది, నేను లేకుండా. సంతోషంగానే ఉంది. ఎక్కడో ఒక మూల ఆ గిన్నె ఖాళీ చేసిన ముసలావిడ మీద వచ్చిన కోపం లాంటిదే కొంచెం, నా పాప మీద కూడా వచ్చింది. అక్క తన అత్త విషయంలో ఎందుకు నడిపి చూడలేదో అప్పుడు కొంచెం అర్థమైంది.

ఆ మెట్ల మీద నుంచే డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

ఇప్పుడు ఇది రాస్తుంటే లోపల పాప వాళ్ల నాన్న భుజం మీద నిద్రపోతున్నది. సంచీ మళ్లీ తలుపు దగ్గర ఉంది, ఈసారి నా బట్టలతో. ఇందాక డ్రైవర్ భాయ్ ఫోన్ చేశాడు. ఆస్పత్రికి తనే బండిలో దింపుతానన్నాడు.

"తో కల్ సుబహ్ ఆవూ?" అని, వెంటనే నాలుక కరుచుకుని సర్దుకున్నాడు. "నహీ నహీ. రేపు?"

"హా భాయ్," అన్నాను. "రేపు."